పగలంతా డైట్.. సాయంత్రం బజ్జీలు! 6 గంటలకే కంట్రోల్ ఎందుకు తప్పుతోందో తెలుసా?

పొద్దున ఒక కప్పు బ్లాక్ కాఫీ. మధ్యాహ్నం రెండు పుల్కాలు, కాస్త కూర. అన్నం జోలికే వెళ్లలేదు. ఆఫీసులో ఎవరిదో బర్త్‌డే అంటే కేక్ ముక్క కూడా వద్దన్నారు. ఇక్కడి వరకు అంతా సూపర్. సాయంత్రం 6 అయింది.. వీధి చివర బండి దగ్గర నూనె కాగుతున్న వాసన. అంతే! నాలుగు మిర్చి బజ్జీలు, ఒక ప్లేట్ పునుగులు, రెండు స్పూన్ల పంచదార వేసిన టీ. ఇంటికొచ్చాక పిల్లల చిప్స్ ప్యాకెట్‌లో సగం. రాత్రి భోజనం ఎలాగూ ఉంది. పడుకునే ముందు 'ఛీ, నాకసలు కంట్రోల్ లేదు' అని తనను తాను తిట్టుకోవడం.. రేపటి నుంచి టిఫిన్ కూడా మానేయాలని డిసైడ్ అవ్వడం.

బరువు తగ్గాలనుకునే చాలామందికి రోజు ఇలాగే గడుస్తుంది. తప్పంతా సాయంత్రం 6 గంటలదే అనుకుంటాం. కానీ కాస్త వెనక్కి వెళ్లి చూస్తే ఆ బజ్జీలకు ముహూర్తం పొద్దున 8 గంటలకే పడింది. రేపు టిఫిన్ మానేస్తే రేపటి సాయంత్రం కూడా ఇదే సీన్.

మరి శరీరంలో ఏం జరుగుతోంది? నిజంగా ఆకలేసి తింటున్నామా.. మనసు బాగోక తింటున్నామా? తేల్చుకోవడం ఎలా? ఈ స్టోరీలో చూద్దాం.

మన రెండు రాష్ట్రాల లెక్క ఇదీ..

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద 24 శాతం మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ లెక్క 36 శాతం. తెలంగాణలో 30 శాతం. మగవాళ్లేం తక్కువ కాదు. ఏపీలో 31, తెలంగాణలో 32 శాతం. ఈ లెక్క బీఎంఐ 25 దాటినవాళ్లదే. భారతీయులకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా చూడాలని మన డాక్టర్లు చెబుతారు. ఎందుకంటే మనకు తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు పేరుకుపోతుంది, షుగర్ కూడా తొందరగా వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఈ 23 అంటే సుమారు 59 కిలోలు. అద్దంలో 'నేను బాగానే ఉన్నానుగా' అనిపించే బరువే అది!

అందుకే చాలామంది డైట్ మొదలుపెడతారు. డైటీషియన్లు సాధారణంగా రోజూ తినేదాంట్లో ఓ 500 క్యాలరీలు తగ్గించేలా ప్లాన్ ఇస్తుంటారు. ఇప్పుడు సాయంత్రం లెక్క చూడండి. 50 గ్రాముల ఆలూ చిప్స్ అంటే సుమారు 270 క్యాలరీలు. ఒక సమోసా సైజును బట్టి 200 దాటొచ్చు. ఒక టేబుల్ స్పూన్ నూనెలోనే దాదాపు 120 ఉంటాయి, బజ్జీ పిండి నూనెను ఎంత పీల్చుకుంటుందో వండేవాళ్లకు తెలుసు. పగలంతా నోరు కట్టుకుని మిగిల్చింది ఒక్క అరగంటలో ఖర్చయిపోతుంది. బరువు ఎందుకు తగ్గట్లేదో అర్థం కాక 'నా బాడీ టైపే ఇంత' అనే నిర్ణయానికి వచ్చేస్తారు.

సాయంత్రం ఆకలి.. బాడీ క్లాక్‌లోనే ఉంది

ముందు ఒక ఊరటనిచ్చే విషయం. సాయంత్రం ఆకలి ఎక్కువగా అనిపించడం మీ ఒక్కరి బలహీనత కాదు. 2013లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని 13 రోజుల పాటు ల్యాబ్‌లో మసక వెలుతురులో ఉంచారు. తిండి, నిద్ర వేళల్ని మార్చి మార్చి చూశారు. బయట పగలో రాత్రో వాళ్లకు తెలియదు. అయినా శరీరంలోని గడియారం మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. ఆ గడియారం ప్రకారం ఆకలి అన్నిటికంటే తక్కువగా ఉన్నది ఉదయం 8 ప్రాంతంలో. ఎక్కువగా ఉన్నది రాత్రి 8 ప్రాంతంలో. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక కూడా అదే టైమ్‌లో పెరిగింది.

అంటే పొద్దున ఆకలి లేదని టిఫిన్ మానేయడం చాలా ఈజీ. శరీరం కూడా సరే అంటుంది. అప్పు మాత్రం సాయంత్రం వసూలు చేస్తుంది.

దీనికి ఇంకో పాత ప్రయోగం తోడు చేసుకుంటే విషయం బాగా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులవి, 1944-45. మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే సైంటిస్టు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకుని ఆరు నెలల పాటు సగం కడుపుతో ఉంచారు. యుద్ధంలో ఆకలితో అలమటించిన జనాలకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. వాళ్లంతా యుద్ధం చేయబోమని చెప్పి, ఈ ప్రయోగానికి ఇష్టపడి వచ్చినవాళ్లు. రోజుకు రెండు పూటలు, సుమారు 1,570 క్యాలరీలు. వారానికి 35 కిలోమీటర్ల నడక. ఆరు నెలల్లో బరువులో దాదాపు పావు వంతు తగ్గారు.

అసలు విశేషం బరువు కాదు, వాళ్ల ప్రవర్తన. రోజంతా తిండి గురించే మాటలు. తిండి గురించే కలలు. ఎప్పుడూ వంటింటి మొహం చూడనివాళ్లు వంటల పుస్తకాలు పోగు చేయడం మొదలుపెట్టారు. ప్లేట్లు నాకేవారు. చిన్న విషయానికే చిరాకు, దిగులు. ప్రయోగం అయిపోయి తిండి మళ్లీ దొరికాక కొందరు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదని చెప్పారు. వీళ్లు ముందు నుంచీ తిండిపోతులేం కాదు. కడుపు మాడ్చాక అలా అయ్యారు.

ఇప్పుడు ఒక్కసారి మీ ఫోన్ చూసుకోండి. డైట్ మొదలుపెట్టాక బిర్యానీ రీల్స్ చూడటం పెరిగిందా? ఆ 1,570 క్యాలరీల కంటే తక్కువ పెట్టే డైట్ చార్ట్‌లు వాట్సాప్‌లో రోజూ తిరుగుతూనే ఉన్నాయి. ఆఫీసు పనీ ఇంటి పనీ చేసుకునే మనిషికి పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు ఇస్తే సాయంత్రం బండి ముందు ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

నిద్ర సంగతి కూడా చెప్పుకోవాలి. 2004లో షికాగో యూనివర్సిటీ వాళ్లు 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. మరోసారి రెండు రాత్రులు పది గంటలు పడుకోనిచ్చారు. నిద్ర తక్కువైనప్పుడు కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. స్వీట్లు, చిప్స్ లాంటి వాటి మీదే మనసు ఎక్కువ పోయింది. రాత్రి 1 గంట దాకా సిరీస్ చూసి మర్నాడు డైట్ చేయడం అంటే ఒక చెయ్యి వెనక్కి కట్టేసుకుని కొట్లాటకు దిగినట్టే. (న్యూస్ ఛానల్ నైట్ షిఫ్ట్ వాళ్లను అడిగితే తెల్లవారుజామున క్యాంటీన్‌లో ఏం దొరికినా ఎందుకు వదలరో చెబుతారు.)

ఆకలి రుచెరుగదు.. మరి మీది ఏ ఆకలి?

'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అని మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు. సాయంత్రం పూట దీనికంటే మంచి టెస్ట్ లేదు. తినాలనిపించినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి.. 'పొద్దుటి ఇడ్లీ రెండు మిగిలాయి, అవి పెడితే తింటానా?' తింటాను అనిపిస్తే అది కడుపు ఆకలి. వెంటనే తినండి, ఆలోచించక్కర్లేదు. 'ఇడ్లీ వద్దు, కరకరలాడేదే కావాలి, లేదా చాక్లెట్టే కావాలి' అనిపిస్తే మాత్రం అక్కడ ఆకలి కంటే వేరే ఏదో పని చేస్తోంది.

కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది. గంట ముందు నుంచే సూచనలు ఇస్తుంది. పొట్టలో గుడగుడలు, కొంచెం నీరసం. మనసు ఆకలి ఫోన్ రింగ్ అయినట్టు ఒక్కసారిగా వస్తుంది. బాస్ మెయిల్ చదివాక, అత్తింటి నుంచి ఫోన్ వచ్చాక, పిల్లల మార్కులు చూశాక, లేదంటే ఏమీ జరగకుండా బోర్ కొట్టినా వస్తుంది. ఇంకో తేడా.. కడుపు ఆకలి తీరాక హాయిగా ఉంటుంది. మనసు ఆకలికి తిన్నాక ప్యాకెట్ ఎప్పుడు ఖాళీ అయిందో కూడా గుర్తుండదు.

ఇక్కడ చాలా ఆర్టికల్స్ 'స్ట్రెస్ ఈటింగ్ చెడ్డది, మానేయండి' అని చెప్పి ఊరుకుంటాయి. అది అన్యాయం. ఎందుకంటే తిండి నిజంగానే పని చేస్తుంది. మనసు బాగోలేనప్పుడు తీపో, నూనెలో వేగిందో తింటే కొన్ని నిమిషాలైనా తేలిగ్గా ఉంటుంది. పని చేస్తుంది కాబట్టే అలవాటు అవుతుంది. పైగా మనకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పిల్లాడు ఏడిస్తే చేతిలో బిస్కెట్ పెడతాం. ఫస్ట్ క్లాస్ వస్తే స్వీట్. ఎవరైనా అలిగితే బతిమాలేది కూడా అన్నం దగ్గరే. బాధలో, సంతోషంలో తినడం తప్పు కానే కాదు. సమస్య ఎక్కడంటే, బాధ తీర్చుకోవడానికి ఇంట్లో ఆ ఒక్క దారే మిగిలినప్పుడు.

ఇంట్లో ఉండే ఒక గృహిణి సాయంత్రం గురించి ఆలోచించండి. పొద్దున 5 గంటలకు లేచింది. క్యారేజీలు, స్కూలు, బట్టలు, వంట, అత్తగారి మందులు. 4 గంటలకు పిల్లలు వచ్చేలోపు ఒక పావుగంట దొరుకుతుంది. టీ, పక్కన చేగోడీలు, టీవీలో సీరియల్. రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని టైమ్ అదొక్కటే. ఆమెకు చేగోడీలు మానేసి గ్రీన్ టీ తాగమని చెప్పడం తేలిక. కానీ ఆమె తింటున్నది చేగోడీలను మాత్రమే కాదు, ఆ పావుగంటను కూడా. ఆ టైమ్ లాగేసుకుని స్నాక్ మానమంటే ఎవరు మానతారు? పావుగంటను అరగంట చేయాలి. టీ ఉండాలి, సీరియల్ ఉండాలి. మారాల్సింది ప్లేట్‌లో ఉన్నది, అదీ కొంచెమే.

ఆఫీసు వాళ్లకు కథ వేరు. హైటెక్ సిటీ నుంచి ఇంటికి గంటన్నర ట్రాఫిక్. క్యాబ్‌లో కూర్చున్నప్పుడే ఫుడ్ యాప్ ఓపెన్ అవుతుంది. అక్కడ ఆర్డర్ పెట్టేది అలసట. 'ఇంత కష్టపడ్డాను, ఈ మాత్రం తినకూడదా?' అనే మాట లోపల వినిపిస్తుంది. హాస్టల్లో ఉండే వాళ్లకు రాత్రి 10 తర్వాత ఒంటరితనం, పక్కన బేకరీ. కొందరు ఆడవాళ్లకు పీరియడ్స్‌కు ముందు వారం ఆకలి, తీపి మీద కోరిక రెండూ పెరుగుతాయి. అది శరీరం తీరు. ఆ వారం కాస్త ఎక్కువ తిన్నామని బరువు చూసుకుని కుంగిపోవక్కర్లేదు. ఆ రోజుల్లో ఒంట్లో నీరు కూడా నిలిచి కాటా మీద అంకె పెరుగుతుంది.

మీది ఏ రకమో తెలియాలంటే ఒక వారం ఫోన్ నోట్స్‌లో రాసి చూడండి. క్యాలరీలు రాయొద్దు. తినడానికి ముందు టైమ్ ఎంత, ఎక్కడ ఉన్నారు, దానికి ముందు ఏం జరిగింది.. ఈ మూడు ముక్కలు చాలు. నాలుగైదు రోజులకే 'నేను తినేది ఎప్పుడూ ఫలానా కాల్ తర్వాతే' అని బయటపడొచ్చు.

పగలు సరిగ్గా తింటే సగం పని అయినట్టే

కడుపు ఆకలి భాగాన్ని ముందు తీసేయాలి. అది తీరితే గానీ మనసు ఆకలి విడిగా కనిపించదు. రెండూ కలిసి వచ్చినప్పుడు ఎంత గట్టివాళ్లైనా ఓడిపోతారు.

పొద్దున టిఫిన్‌లో ప్రొటీన్ ఉండాలి. మనకిది కొత్తేం కాదు. పెసరట్టు ఉంది. రెండు ఇడ్లీలు తిని చట్నీ నంజుకునే బదులు గిన్నెడు సాంబార్ పోసుకోవచ్చు. గుడ్డు తినేవాళ్లకు ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్. ఉప్మా చేస్తే కూరగాయలు, వేరుశనగ గుళ్లు దండిగా వేయాలి. మధ్యాహ్నం అన్నం పూర్తిగా మానేయాల్సిన పని లేదు. అన్నం తగ్గించి పప్పు, కూర, పెరుగు పెంచితే సరిపోతుంది. పుల్కా తిన్నంత మాత్రాన డైట్ అయిపోదు. పప్పు లేని రెండు పుల్కాల కంటే ఒక కప్పు అన్నంలో గట్టి పప్పు, ఆకుకూర, చివర్లో పెరుగన్నం సాయంత్రం వరకు ఆపుతుంది.

ఆ తర్వాత ముఖ్యమైనది.. సాయంత్రం స్నాక్‌ను మానేయొద్దు, ముందుకు జరపండి. 6 గంటలకు ఆకలి మిమ్మల్ని పట్టుకునేలోపు 4:30కే మీరు తినేయాలి. ఉడికించిన శనగలు ఒక కప్పు. కోస్తాలో గుగ్గిళ్లు, తెలంగాణలో గుడాలు అనేవి ఇవే. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండితే కారం కోరిక కూడా తీరుతుంది. ఉడికించిన పల్లీలు ఓ గుప్పెడు, జామకాయ, ఉడికించిన గుడ్డు, సీజన్‌లో కాల్చిన మొక్కజొన్న కంకి, ఒక గ్లాసు మజ్జిగ. వేయించిన పల్లీలు మంచివే కానీ 30 గ్రాములకే సుమారు 170 క్యాలరీలు. అందుకే డబ్బా పక్కన పెట్టుకుని కాదు, గిన్నెలో వేసుకుని తినాలి. మరమరాలు తేలికే, కానీ వాటితో ఎక్కువసేపు కడుపు ఆగదు. కాసిన్ని పుట్నాలు, ఉల్లిపాయ, టమాటా కలిపితే బాగుంటుంది. కరకరలాడాలన్న కోరికకు కూడా ఇదే సమాధానం.

మార్కెట్లో దొరికే 'డైట్ మిక్చర్', 'మల్టీగ్రెయిన్ చిప్స్', డైజెస్టివ్ బిస్కెట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ముందువైపు ఏం రాశారో వదిలేయండి. ప్యాకెట్ తిప్పి వెనకాల 100 గ్రాములకు ఎన్ని క్యాలరీలో చూడండి. మామూలు వాటికి, వీటికి తేడా చాలాసార్లు పేరులోనే ఉంటుంది.

టీ సంగతి. టీ మానక్కర్లేదు. ఒక స్పూన్ చక్కెర అంటే దాదాపు 5 గ్రాములు. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు స్పూన్లు అంటే 40 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 25 గ్రాముల లోపే ఉండాలి. స్పూన్‌ను ముప్పావు, తర్వాత అర చేస్తూ వెళ్తే రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. ఇంకో మాట.. సాయంత్రం ఆలస్యంగా తాగే టీ నిద్రను చెడగొడుతుంది. నిద్ర చెడితే మర్నాడు ఏమవుతుందో పైన చదివారు కదా.

కంటి ముందు ఉంటే చెయ్యి ఊరుకోదు

కొన్ని విషయాల్లో మనసుతో పోరాడటం కంటే దారి మార్చుకోవడం బెటర్. బజ్జీల బండి ఉన్న వీధిలో కాకుండా పక్క వీధి నుంచి ఇంటికి రావచ్చు. ఫ్యామిలీ ప్యాక్ కొనడం ఆపితే ఇంట్లో చిప్స్ తినాలనిపించినప్పుడు షాపు దాకా నడవాలి. ఆ నడకలోనే సగం సార్లు కోరిక చల్లబడుతుంది. తినాలనిపిస్తే ప్యాకెట్‌లోంచి కాకుండా ప్లేట్‌లో వేసుకుని, కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి తినండి. ప్లేట్ ఖాళీ అవ్వడం కంటికి కనిపిస్తుంది.

ప్యాకెట్ ఫుడ్ విషయంలో ఒక ప్రయోగం గురించి తప్పక చెప్పాలి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు ఇంటి వంట లాంటి ఆహారం పెట్టింది. రెండింటిలో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా అందుబాటులో ఉంచి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్డ్ తిండి ఉన్నప్పుడు జనం రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. చిప్స్ ఒక్కటి తిని ఆపలేకపోతున్నామంటే మన గుణంతో పాటు ఆ తిండి గుణం కూడా ఉంది.

మనసు ఆకలి అని తేలినప్పుడు 'తినకూడదు' అనుకుంటే కోరిక ఇంకా పెరుగుతుంది. 'పది నిమిషాలు ఆగి తింటాను' అనుకోండి. కోరిక అల లాంటిది. లేస్తుంది, పైకి వెళ్తుంది, దిగుతుంది. అమెరికన్ సైకాలజిస్ట్ అలన్ మార్లాట్ వ్యసనాల నుంచి బయటపడేవాళ్లకు నేర్పిన పద్ధతి ఇదే, అలను ఆపడం కాదు, దాని మీద తేలడం. ఆ పది నిమిషాల్లో మిద్దె మీద తిరగొచ్చు, స్నానం చేయొచ్చు, అక్కకో ఫ్రెండ్‌కో ఫోన్ చేయొచ్చు. బాస్ మీద కోపం ఉంటే ఫోన్‌లో గట్టిగా చెప్పుకోవడం బజ్జీ కంటే బాగా పనిచేస్తుంది. పది నిమిషాల తర్వాత కూడా కావాలనిపిస్తే తినండి. దొంగతనంగా, వంటింట్లో నిలబడి మాత్రం వద్దు.

ఇంట్లోవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు కానీ మన దగ్గర అసలు పరీక్ష అదే. వాన పడగానే అత్తగారు పకోడీ వేస్తారు. 'ఒక్కటి తింటే ఏమవుతుందమ్మా, నీ కోసమే చేశాను' అంటారు. వద్దంటే నొచ్చుకుంటారు. తింటే ఒక్కదాంతో ఆగదు. 'నేను డైట్‌లో ఉన్నాను' అనే మాట ఇలాంటి చోట పెద్దగా పని చేయదు, పైగా 'అయ్యో, ఏం డైట్‌లో ఏమో, మొహం పీక్కుపోయింది' అనే క్లాస్ మొదలవుతుంది. దానికంటే చిన్న ప్లేట్ తెచ్చుకుని 'నాకు మూడు పెట్టండి అత్తయ్యా' అని మీరే అడిగి, వాళ్లతో పాటు కూర్చుని, బాగున్నాయని చెప్పి తినండి. అడిగి తిన్న మూడు పకోడీలు మొహమాటానికి తిన్న పది కంటే తృప్తినిస్తాయి. భర్త కానీ, భార్య కానీ చేయగల సాయం కూడా ఉంది. పక్కన కూర్చుని 'నువ్వు తినకూడదుగా' అని నలుగురిలో అనకుండా ఉండటం.

ఒక రోజు తప్పితే?

తప్పుతుంది. పెళ్లిళ్లు, పండగలు, చెడ్డ రోజులు ఉంటాయి. ఇక్కడే చాలామంది డైట్ మొత్తం పోగొట్టుకుంటారు. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక విచిత్రం గమనించారు. కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ ఎంత కావాలంటే అంత తినమన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. రోజూ నోరు కట్టుకునేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు! రూల్ ఎలాగూ పోయిందిగా అని గేట్లు ఎత్తేశారన్నమాట. మన భాషలో చెప్పాలంటే 'నిండా మునిగాక చలేంటి'.

నాలుగు బజ్జీలు తిన్నప్పుడు పోయింది నాలుగు బజ్జీల మేరకే. ఆ రోజు మొత్తం పోలేదు. రాత్రి ఆకలి ఉన్నంత మేరకు మామూలు భోజనం చేయండి. మర్నాడు టిఫిన్ మానొద్దు, శిక్షగా రెండు గంటలు ట్రెడ్‌మిల్ ఎక్కొద్దు. మానితే ఏమవుతుందో తెలుసుగా, మళ్లీ సాయంత్రం 6. శనివారమో, సోమవారమో ఒక్కపొద్దు ఉండేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. భక్తి వేరే విషయం. బరువు కోసమే అయితే, పగలంతా పస్తుండి రాత్రి టిఫిన్ పేరుతో పూరీలు తినడం వల్ల లాభం లేదు.

ఇవి ఉంటే మాత్రం డాక్టర్‌ను కలవాల్సిందే

షుగర్ ఉండి ఇన్సులిన్ కానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు కానీ వాడేవాళ్లు సాయంత్రం చెమటలు, వణుకు, గుండె దడతో తినాలనిపిస్తే దాన్ని నోటి చపలత్వం అనుకోవద్దు. షుగర్ పడిపోయి ఉండొచ్చు. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చెక్ చేయాలి. మీటర్ చేతిలో లేకపోయినా ముందు చక్కెర తీసుకోవడమే మంచిది. ఇలాంటి వాళ్లు పది నిమిషాలు ఆగే చిట్కా అస్సలు ట్రై చేయకూడదు. డైట్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు డోసు మార్పించుకోవాలి.

కనీసం వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలుగా, ఆపుకోలేనంతగా తినేసి, తర్వాత తన మీద తనకే అసహ్యం వేస్తుంటే దానికి వైద్యంలో ఒక పేరుంది. బింజ్ ఈటింగ్ డిజార్డర్. 2013 నుంచి మానసిక వైద్యుల అధికారిక జాబితాలో విడిగా ఉన్న జబ్బు ఇది. రాత్రి భోజనం తర్వాతే రోజు తిండిలో పావు వంతు పైగా తినడం, నిద్రలోంచి లేచి తినకపోతే మళ్లీ నిద్ర పట్టకపోవడం ఉంటే అది నైట్ ఈటింగ్ సిండ్రోమ్. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే డాక్టర్ 1955లోనే దీని గురించి రాశారు. రెండింటికీ కౌన్సెలింగ్, అవసరమైతే మందులు ఉన్నాయి. తిన్నాక కావాలని వాంతి చేసుకుంటుంటే అస్సలు ఆలస్యం చేయొద్దు. స్టెరాయిడ్స్, కొన్ని మానసిక సమస్యల మందులు కూడా ఆకలి పెంచుతాయి. అలాగని సొంతంగా ఆపేయకూడదు, డాక్టర్‌కు చెప్పాలి.

ఇప్పుడు అందరూ అడిగేది బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఆకలిని, తిండి మీద ధ్యాసను బాగా తగ్గిస్తాయి. కానీ డాక్టర్ రాస్తేనే వాడాల్సిన మందులవి. ఆపేశాక చాలామందిలో బరువు తిరిగి వస్తుంది. ఒంటరితనానికి, ఇంట్లో గొడవలకు అవి మందు కావు.

సాయంత్రం అయ్యేసరికి తిండితో పాటు ఏడుపు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం కూడా ఉంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. 24 గంటలూ పని చేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే ఆ వారం ఫోన్ నోట్స్‌లో రాసుకున్నది చదివి వినిపించినా సరిపోతుంది.